పెరట్లో ప్రొపేన్ దోమల ట్రాప్: ఎక్కడ పెట్టాలి, ఎలా నడపాలి, ఎలా చూసుకోవాలి

ప్రొపేన్ దోమల ట్రాప్ కొన్నవాళ్ళు చాలామంది దాన్ని తెచ్చి పాటియోలో కుర్చీల పక్కనే పెడతారు. దోమలు కుట్టేది అక్కడే కాబట్టి యంత్రం కూడా అక్కడే ఉండాలని అనుకుంటారు. వారం తిరిగేసరికి దోమలు తగ్గకపోగా పెరిగాయని ఫిర్యాదు మొదలవుతుంది. ఫిర్యాదు నిజమే. ఈ యంత్రం దోమల్ని తరమదు, పిలుస్తుంది. పిలిచేదాన్ని మన పక్కన పెట్టుకుంటే వచ్చిన దోమల్లో కొన్ని ట్రాప్‌లోకి వెళ్తాయి, మిగిలినవి మన కాళ్ళ మీద వాలతాయి.

ఇది అమెరికాలో సొంత ఇల్లు, కాస్త పెద్ద పెరడు ఉన్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నది. ఉదాహరణలు ఎక్కువగా డాలస్ చుట్టుపక్కలవి. న్యూజెర్సీ, నార్త్ కరోలినా, జార్జియా వాళ్ళకీ పద్ధతి ఇదే, నెలలు మాత్రం కొంచెం అటూ ఇటూ అవుతాయి. మస్కిటో మాగ్నెట్, స్కీటర్‌వాక్ లాంటి పేర్లతో వచ్చిన యంత్రాలన్నీ దాదాపు ఒకే సూత్రం మీద నడుస్తాయి. బటన్లు ఎక్కడున్నాయి, లైట్లు ఎలా వెలుగుతాయి అన్నదానికి మాత్రం మీ మోడల్‌తో వచ్చిన పుస్తకమే చూడాలి.

లోపల ఏం జరుగుతుంది

ట్రాప్ లోపల ప్రొపేన్ మన స్టవ్ మీదలా మంటగా మండదు. క్యాటలిస్ట్ అనే పదార్థం మీద నెమ్మదిగా కాలి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది. ఆ రెండూ వెచ్చగా బయటికి వస్తాయి. మన ఊపిరిలో ఉండేవీ అవే. రక్తం కావాల్సిన ఆడదోమ ఆ వాసన పట్టుకుని గాలికి ఎదురుగా ఎగురుతూ వస్తుంది. దగ్గరికి రాగానే ఒక ఫ్యాన్ దాన్ని లోపలికి పీల్చి నెట్‌లో పడేస్తుంది. అక్కడ గాలికి ఎండిపోయి చస్తుంది. మందు ఏమీ ఉండదు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. మామూలు గ్రిల్ ట్యాంక్‌లో 20 పౌండ్ల ప్రొపేన్ పడుతుంది. అది పూర్తిగా కాలితే 60 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక ట్యాంక్ సుమారు మూడు వారాలు నడుస్తుంది కాబట్టి రోజుకి మూడు పౌండ్లకి కాస్త తక్కువ. ఒక మనిషి రోజంతా వదిలేది సుమారు రెండు పౌండ్లు. అంటే మీ ట్రాప్ ఒకటిన్నర మనిషితో సమానం, అంతే. శనివారం సాయంత్రం డెక్ మీద పదిమంది కూర్చుంటే దోమలకి ట్రాప్ కంటే ఆ పదిమందే పెద్ద ఆకర్షణ. అందుకే పార్టీ ముందు రెండు గంటలు ఆన్ చేసి ‘పనిచేయట్లేదు’ అనడం అన్యాయం. ఎవరూ లేనప్పుడు, రాత్రీ పగలూ, దోమలు దాక్కునే చోటికి దగ్గరగా నడుస్తూ ఉండటమే దీని బలం.

కొనేముందు

అపార్ట్‌మెంట్‌లో, టౌన్‌హోమ్‌లో ఉంటే ఇది మీకు కాదు. చాలా చోట్ల బాల్కనీలో ప్రొపేన్ ట్యాంక్ పెట్టడమే నిషేధం. సొంత ఇల్లైనా, ఇంటి వెనక గోడ నుంచి ఫెన్స్ దాకా ఇరవై అడుగులే ఉంటే కూడా వద్దనే చెప్తాను. ట్రాప్‌కీ మీరు కూర్చునే చోటుకీ మధ్య 30 నుంచి 40 అడుగులు ఉండాలి. కొత్త సబ్‌డివిజన్లలో చాలా పెరళ్ళకి ఆ దూరం రాదు. అలాంటివాళ్ళు ఆ డబ్బుతో పాటియోకి ఒక మంచి ఫ్యాన్ పెట్టించుకోవడం నయం. దోమ బలహీనంగా ఎగిరే జీవి, ఫ్యాన్ గాలికి ఎదురు రాలేదు.

ఖర్చు యంత్రంతో అయిపోదు. యంత్రానికి కొన్ని వందల డాలర్లు పెట్టాక మూడు వారాలకోసారి ట్యాంక్, ఒక ఎర ప్యాకెట్, అప్పుడప్పుడు నెట్లు కొనాలి. సీజన్ మొత్తానికి లెక్కేసుకుని దిగండి. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తోందంటే, ఆ మోడల్‌కి సరిపోయే నెట్లు, ఎరలు ఇంకా అమ్ముతున్నారో లేదో ముందు చూడండి. నెట్ దొరకని ట్రాప్ గరాజ్‌లో స్థలం తినడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నీలం లైటుతో టపటపమని పేలే జాపర్‌తో దీన్ని కలపొద్దు. 1996లో డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్ళు జాపర్లలో చచ్చిన పురుగుల్ని లెక్కపెడితే 13,789లో కుట్టేవి 31 మాత్రమే తేలాయి. శబ్దం వింటే మనకి తృప్తి, చచ్చేది పాపం చిమ్మటలు.

మీ పెరట్లో ఏ దోమ ఉంది

పగలే, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం పూట చీలమండల దగ్గర కుట్టి పారిపోయేది, నల్లటి ఒంటి మీద తెల్లటి చారలున్నదైతే అది ఏషియన్ టైగర్ దోమ. పాత టైర్లతో పాటు ఓడల్లో వచ్చి 1985లో హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు కనిపెట్టారు. ఇప్పుడు దక్షిణాది, తూర్పు రాష్ట్రాలంతటా ఉంది. ఇది ఎక్కువ దూరం ఎగరదు. మిమ్మల్ని కుడుతోందంటే మీ పెరట్లోనో పక్కింట్లోనో పుట్టిందన్నమాట.

చీకటి పడ్డాక చెవి దగ్గర గుయ్యిమనే గోధుమ రంగుది చాలావరకు క్యూలెక్స్. వెస్ట్ నైల్ వైరస్‌ని మోసేది ఇదే. ఆ వైరస్ అమెరికాలో మొదట 1999లో న్యూయార్క్‌లో బయటపడింది, 2012లో డాలస్ కౌంటీని గట్టిగా కుదిపింది.

దోమ రకం ఎందుకు తెలియాలంటే, ఎర దాన్ని బట్టి మారుతుంది. ట్రాప్‌తో సాధారణంగా వచ్చే ఎర ఆక్టెనాల్. పశువుల ఊపిరిలో ఉండే వాసన పదార్థం అది. చాలా రకాల దోమల్ని, చిన్న కుట్టుడు ఈగల్ని కూడా లాగుతుంది. టైగర్ దోమకి మాత్రం ఆక్టెనాల్ ఒక్కటే చాలదు, మన చెమటలో ఉండే లాక్టిక్ ఆసిడ్ రకం ఎర కావాలి. టెక్సస్, జార్జియా, ఫ్లోరిడా వైపు ఉన్నవాళ్ళు పగలు కూడా కుట్టించుకుంటుంటే లాక్టిక్ ఆసిడ్ ఎర తీసుకోండి. ఉత్తరాదిలో ఆక్టెనాల్‌తో మొదలుపెట్టొచ్చు. క్యూలెక్స్‌కి ఆక్టెనాల్ మీద పెద్ద మోజు లేదు. అది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌కే వస్తుంది కాబట్టి, రాత్రి దోమలే బాధ అయితే ఖరీదైన ఎర కంటే ట్యాంక్ ఖాళీ కాకుండా చూసుకోవడం ముఖ్యం.

ఎక్కడ పెట్టాలి

సగం పని ఇదే. ఓపిగ్గా చేయండి.

ముందు దోమలు పగలు ఎక్కడ దాక్కుంటున్నాయో కనిపెట్టాలి. నీడ, తేమ, గాలి తగలని ఆకుల అడుగు వాటికిష్టం. పెరటి చివర క్రీక్ ఉంటే దాని ఒడ్డు, ఫెన్స్ వెంట ఒత్తుగా పెరిగిన పొదలు, డెక్ కింద చీకటి. మన ఇళ్ళలో ఇంకొకటి కూడా ఉంటుంది: బీర, కాకర, సొర పందిరి. జులై వచ్చేసరికి పందిరి కింద చల్లగా, తడిగా ఉంటుంది, దోమలకి అంతకంటే మంచి గది దొరకదు. మధ్యాహ్నం పూట ఆ చోట్లకి వెళ్ళి కొమ్మల్ని కాస్త కదిపి చూడండి. ఎక్కడ లేస్తే అదే వాటి ఇల్లు.

తర్వాత గాలి ఎటు వీస్తోందో చూడాలి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య పెరట్లో రెండు మూడు చోట్ల అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో గమనించండి. ప్రొపేన్ ట్యాంక్ పెరట్లోకి రాకముందే ఈ పని చేయాలి, తర్వాత కాదు. కొన్ని సాయంత్రాలు చూస్తే మీ పెరటి గాలి అలవాటు తెలుస్తుంది. వాతావరణ యాప్‌లో చూపించే దిశ వేరు, రెండంతస్తుల ఇళ్ళ మధ్య తిరిగే గాలి వేరు.

ఇక సూత్రం: ట్రాప్ వదిలిన ఊపిరి గాలిలో కొట్టుకుపోయి దోమల ఇంటి మీదుగా వెళ్ళాలి, మీరు కూర్చునే చోటు మీదుగా వెళ్ళకూడదు. డాలస్‌లో వేసవి గాలి ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది. మీ ఇల్లు దక్షిణాన, పొదలు పెరటి చివర ఉత్తరాన ఉంటే పని తేలిక. పొదలకి పది, పదిహేను అడుగుల ఇవతల ట్రాప్ పెట్టండి. గాలి దాని వాసనని నేరుగా పొదల్లోకి తీసుకెళ్తుంది, దోమలు ఎదురొచ్చి పడతాయి, మీ పాటియో ఆ దారిలో ఉండదు.

తిరకాసు ఎక్కడంటే, క్రీక్ దక్షిణాన ఉండి ఇల్లు ఉత్తరాన ఉన్నప్పుడు. అప్పుడు ట్రాప్‌ని మధ్యలో పెడితే వాసన అంతా పాటియో మీదకే వస్తుంది. దోమలు ముందు మిమ్మల్ని దాటుకుని వెళ్ళాలి, అంత మర్యాద వాటికి లేదు. అలాంటి పెరట్లో తూర్పు వైపో పడమటి వైపో ఫెన్స్ వెంట, పొదల వరుసకి దగ్గరగా జరపండి. వాసన ఫెన్స్ పక్కగా సాగిపోవాలి. పక్కింటివాళ్ళ పాటియో మీదకి పోతోందేమో కూడా చూడండి. దోమలతో పాటు మాట కూడా పడాల్సి వస్తుంది.

ఇంకొన్ని సంగతులు. ట్రాప్ నీడలో ఉండాలి, సమతలంగా ఉండాలి. చుట్టూ కొమ్మలు మూసేయకూడదు, వాసన పారడానికి కొంత ఖాళీ కావాలి. బలంగా గాలి వీచే మూల వద్దు, వాసన చెదిరిపోతుంది. స్ప్రింక్లర్ నీళ్ళు దాని మీద పడకూడదు. కరెంట్ వైరు కావాల్సిన మోడల్ అయితే బయట వాడే ఎక్స్‌టెన్షన్ కార్డే వాడి, జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంట్ కట్టేసే ఏర్పాటు) ఉన్న ప్లగ్‌కి పెట్టండి. గడ్డి కోసేవాళ్ళకి వైరు, హోస్ ఎక్కడున్నాయో చూపించండి, ట్రిమ్మర్‌కి అవి కనపడవు. గరాజ్‌లో, జాలీ తలుపుల పోర్చ్‌లో, ఇంటి కిటికీ కింద ఎప్పుడూ నడపొద్దు.

పది రోజులు ఒకచోట చూసి, నెట్‌లో పెద్దగా పడకపోతే పది, పదిహేను అడుగులు జరపండి. రోజూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ట్యాంక్ సంగతి

కిరాణా దుకాణం ముందు బోనులో ఉండే ట్యాంకులు మార్చుకోవడం సులువే, కానీ వాటిలో చాలావరకు 15 పౌండ్లే నింపుతారు, లేబుల్ మీద రాసి ఉంటుంది. 20 పౌండ్లు మూడు వారాలు వస్తే 15 పౌండ్లు సుమారు పదహారు రోజులే. సొంత ట్యాంక్ కొనుక్కుని యూ-హాల్, ట్రాక్టర్ సప్లై లాంటి చోట నింపించుకుంటే సాధారణంగా చౌక పడుతుంది, చేతిలో ఉన్న ట్యాంక్ చరిత్ర కూడా మనకి తెలుస్తుంది.

కొత్త ట్యాంక్ లోపల గాలి ఉంటుంది. మొదటిసారి నింపేముందు ఆ గాలిని తీసేయాలి, దాన్ని పర్జ్ చేయడం అంటారు. నింపే అతనికి ‘ఇది కొత్త ట్యాంక్, పర్జ్ చేయండి’ అని నోరు తెరిచి చెప్పండి. గ్రిల్‌కి ఆ గాలి పెద్ద అడ్డు కాదు కానీ ట్రాప్ చాలా సన్నటి ధారతో నడుస్తుంది. గ్యాస్‌లో గాలి కలిస్తే వెలగదు, వెలిగినా ఆగిపోతుంది. మొదటి రోజే వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి ఇదే కారణం.

ఎంత గ్యాస్ మిగిలిందో తెలుసుకోవడానికి బాత్రూమ్ త్రాసు చాలు. ట్యాంక్ మెడ మీద ‘టీడబ్ల్యూ’ అక్షరాల పక్కన ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, సాధారణంగా 17 పౌండ్ల దగ్గర. వాల్వ్ మూసి, హోస్ విప్పి తూచి, ఆ అంకె తీసేస్తే మిగిలింది గ్యాస్. త్రాసు దాకా మోయడం బద్ధకమైతే ట్యాంక్ పక్కన ఒక చెంబు వేడి నీళ్ళు పోసి, పై నుంచి కిందికి చేత్తో తడమండి. గ్యాస్ ఉన్న మట్టం దగ్గర లోహం చల్లగా తగులుతుంది.

కారులో నిలబెట్టే తీసుకెళ్ళండి, కిటికీ కొంచెం దించండి, ఎండలో కారులో వదిలి ఇండియన్ స్టోర్‌లోకి దూరొద్దు. పడుకోబెట్టిన ట్యాంక్ నుంచి ద్రవరూపంలో ఉన్న గ్యాస్ వాల్వ్ దాకా వస్తుంది. అది ప్రమాదం, తర్వాత రెగ్యులేటర్‌కీ మంచిది కాదు.

మొదటిసారి ఆన్ చేయడం

1. నెట్‌ని దాని గదిలో సరిగ్గా, మడతలు లేకుండా అమర్చండి. మూతి పక్కకి జరిగితే పడ్డ దోమలు తప్పించుకుంటాయి.

2. ఎర ప్యాకెట్ విప్పి దాని చోటులో పెట్టండి. చేతికి అంటనీయకండి. అంటితే కడుక్కోండి, లేకపోతే ఆ సాయంత్రం మీరే ట్రాప్.

3. ట్యాంక్ వాల్వ్ మూసి ఉందో లేదో చూసి, హోస్‌కున్న ప్లాస్టిక్ నట్‌ని చేత్తోనే కుడివైపుకి తిప్పి బిగించండి. రెంచ్ వద్దు.

4. వాల్వ్‌ని చాలా నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా తిప్పితే లోపలున్న భద్రతా ఏర్పాటు ‘ఎక్కడో లీక్ అవుతోంది’ అనుకుని గ్యాస్‌ని బిగించేస్తుంది. ట్యాంక్ నిండుగా ఉన్నా ట్రాప్ ఖాళీ ట్యాంక్‌లా ప్రవర్తిస్తుంది. అలా జరిగితే ట్రాప్ ఆపి, వాల్వ్ మూసి, హోస్ విప్పి, కాసేపు ఆగి మళ్ళీ బిగించి మెల్లగా తెరవాలి.

5. గిన్నెలో కొంచెం డిష్ సోప్, నీళ్ళు కలిపి నట్ దగ్గర, హోస్ పొడవునా, రెగ్యులేటర్ మీద రాయండి. బుడగలు లేస్తే లీక్. వాల్వ్ మూసేసి, మళ్ళీ బిగించి చూడండి. అప్పటికీ లేస్తే వాడొద్దు. అగ్గిపుల్లతో పరీక్షించే సాహసం ఎవరూ చేయకండి. ప్రొపేన్ గాలి కంటే బరువు, నేల మీదుగా పాకి పల్లంలో నిలుస్తుంది.

6. కరెంట్ ఇచ్చి, స్విచ్ వేసి, మీ మోడల్ పుస్తకంలో చెప్పినట్టు స్టార్ట్ నొక్కండి. లోపల వేడెక్కడానికి మోడల్‌ని బట్టి కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా పట్టొచ్చు. వెచ్చటి గాలి రావాలి, కుళ్ళిన గుడ్డు వాసన రాకూడదు. ఆ వాసన లీక్ తెలియడానికి గ్యాస్‌లో కావాలని కలిపేది. వస్తే వెంటనే గ్యాస్ ఆపేయండి.

ఆన్ చేశాక వదిలేయండి. ఉదయం ఆపి సాయంత్రం వేయడం లాంటి పొదుపు వద్దు, ప్రతిసారీ ఆపి వెలిగించడమే దీనికి ఎక్కువ అరుగుదల. డాలస్‌లో ఏప్రిల్‌లో, రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి నిలవగానే మొదలుపెట్టండి. అంతకంటే చలిలో దోమలూ తిరగవు, చాలా ట్రాపులూ సరిగ్గా వెలగవు. ఒక ఆడదోమ ఒక్క విడతలో వంద పైగా గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వేసవిలో వారం, పది రోజులు చాలు. ఏప్రిల్‌లో పట్టిన ఒక్క దోమ జూన్‌లో పట్టే వందతో సమానం. జూన్‌లో మొదలుపెట్టినవాళ్ళు తేడా కోసం నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి.

వారం వారం చేసే పని

పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి నెట్ చూడాలి. సగం దాటి నిండితే మార్చాలి, ఎందుకంటే నిండిన నెట్‌లోంచి ఫ్యాన్ గాలి లాగలేదు, పీల్చే బలం పోతుంది. పుస్తకం ఒప్పుకుంటే ఫ్యాన్ తిరుగుతుండగానే నెట్ తీసి మూతి బిగించండి, లేకపోతే బతికున్నవి పైకి లేస్తాయి. సంచిలో వేసి రాత్రంతా ఉంచి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెడితే నెట్ మళ్ళీ వాడుకోవచ్చు. వాసన సబ్బు వాడొద్దు.

నెట్‌లో సగం దోమలు కాదు, చిన్న చిన్న పురుగులే ఉన్నాయని కంగారు పడకండి. మామూలే. ఎన్ని పడ్డాయన్నది కూడా అంత ముఖ్యం కాదు, ఆ సంఖ్యని చూసి ఎన్ని మిగిలాయో చెప్పలేం. సాయంత్రం పందిరి దగ్గర పదినిమిషాలు నిలబడితే ఎన్ని వాలుతున్నాయి? వారం వారం అది తగ్గుతోందా? కొలత అదే.

ఎర 21 రోజులకి అయిపోతుంది. ట్యాంక్ మార్చిన రోజే ఎర కూడా మార్చడం అలవాటు చేసుకుంటే గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటే. పదిహేను పౌండ్ల ట్యాంకులు వాడేవాళ్ళు మాత్రం ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలి.

చీమలు నెట్‌లోని దోమల కోసం స్టాండ్ ఎక్కుతాయి, కొన్నిసార్లు నెట్‌ని కూడా కొరుకుతాయి. స్టాండ్ కాళ్ళకి పెట్రోలియం జెల్లీ పట్టీలా రాస్తే ఆగుతాయి. ట్రాప్ మీద గానీ దగ్గర్లో గానీ హిట్ లాంటి స్ప్రేలు కొట్టొద్దు. ఆ వాసన ఉన్నంతకాలం దోమ దగ్గరికి రాదు. పక్కన సిట్రొనెల్లా కొవ్వొత్తి వెలిగించడమూ అంతే, ఒక చేత్తో పిలిచి ఇంకో చేత్తో వెళ్ళగొట్టినట్టు. పెరటికి మందు కొట్టే సర్వీస్ వస్తుంటే ఆ రోజు ట్రాప్‌ని కప్పి ఉంచమని వాళ్ళకి చెప్పండి.

పెనుగాలి, వడగళ్ళ హెచ్చరిక వస్తే ముందు గ్యాస్ కట్టేయండి. వాన తగ్గాక వేసుకోవచ్చు.

గ్యాస్ దారి మూసుకుపోవడం

ఈ ట్రాపులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ప్రొపేన్‌లో జిడ్డులాంటి మలినాలు కొద్దిగా ఉంటాయి. గ్రిల్ బర్నర్ రంధ్రాలు పెద్దవి కాబట్టి దానికి పట్టదు. ట్రాప్‌లో గ్యాస్ వెళ్ళే నాజిల్ సూది మొన అంత సన్నం. నెలలు గడిచేకొద్దీ జిడ్డు అక్కడ పేరుకుని ధార తగ్గుతుంది, లోపల వేడి తగ్గుతుంది, యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. ‘మొదటి ఏడు బాగానే నడిచింది, రెండో ఏడు వెలగట్లేదు’ అనే కథ దాదాపు ఎప్పుడూ ఇదే.

కొన్ని మోడళ్ళకి గ్యాస్ దారి శుభ్రం చేయడానికి ప్రత్యేకంగా ఒక వాల్వ్ ఇస్తారు. 12 గ్రాముల చిన్న కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్‌ని ఒక అడాప్టర్‌తో దానికి తగిలిస్తే, ఆ ఒత్తిడికి లోపలి జిడ్డు బయటికి పోతుంది. కొనేటప్పుడు ఈ వాల్వ్ ఉందో లేదో చూడమని గట్టిగా చెప్తాను. ఉంటే, ఆగిపోయేదాకా చూడకుండా, ట్యాంక్ మార్చిన ప్రతిసారీ శుభ్రం చేయండి. పద్ధతి పుస్తకంలో ఉన్న వరుసలోనే చేయాలి, యంత్రం పూర్తిగా చల్లారాలి. క్యాట్రిడ్జ్ ఖాళీ అయ్యేటప్పుడు మంచులా చల్లబడుతుంది, చేతికి గ్లౌజు వేసుకోండి. ఆ వాల్వ్ లేని మోడల్‌లో నాజిల్‌ని పిన్నీసుతో పొడవకండి. రంధ్రం రవ్వంత పెద్దదైనా గ్యాస్ కొలత తప్పుతుంది. సర్వీస్ చేసేవాళ్ళకి ఇవ్వండి.

సాలెపురుగులు మరో గొడవ. గొట్టాల్లో గూళ్ళు కట్టడం వాటికి సరదా. వాడకుండా ఉంచినప్పుడు గొట్టం చివరలు మూసి ఉంచితే చాలు.

ఇబ్బంది వస్తే ఏది ముందు చూడాలి

అసలు వెలగకపోతే వరుసగా వెళ్ళండి: ట్యాంక్‌లో గ్యాస్ ఉందా, వాల్వ్ నెమ్మదిగా తెరిచారా, కొత్త ట్యాంక్ అయితే పర్జ్ చేశారా, ఆ తర్వాతే నాజిల్. వెలిగి అరగంటలో ఆగిపోతే నాజిల్ మీదే మొదటి అనుమానం, రెగ్యులేటర్ మీద రెండోది. ఫ్యాన్ తిరుగుతూ గాలి వస్తూ ఉండి కూడా ఆ గాలి వెచ్చగా లేకపోతే గ్యాస్ కాలట్లేదన్నమాట, ఆపేయండి.

అన్నీ బాగుండి దోమలు మాత్రం పడకపోతే యంత్రాన్ని విప్పకండి. ఎర తేదీ చూడండి, నెట్ చూడండి, మళ్ళీ అగరుబత్తి తీయండి. సీజన్ మధ్యలో చెట్లు గుబురెక్కితే గాలి దారి మారుతుంది.

నిలవ నీళ్ళు

ఒక వైపు పట్టుకుంటూ ఇంకో వైపు పెంచుకుంటే ట్రాప్ గెలవదు. టైగర్ దోమకి సీసా మూతలో నిలిచిన నీళ్ళు చాలు. మన ఇళ్ళలో వెతకాల్సిన చోట్లు: కరివేపాకు, మల్లె కుండీల కింది ప్లేట్లు, తులసి కోట చుట్టూ పోసిన నీళ్ళు నిలిచే గుంట, పిల్లల బకెట్లు, గ్రిల్ కవర్ మడతలు, ఏసీ నీళ్ళు కారే చోటు, ఆకులు అడ్డుపడ్డ గట్టర్, ముడతల గొట్టంతో వేసిన యార్డ్ డ్రైన్. వారానికోసారి పారబోయగలిగినవి పారబోయండి. డ్రైన్, వాన నీటి పీపా లాంటివాటిలో బీటీఐ డంక్ అనే బిళ్ళ ఒకటి వేయండి. దోమ పిల్లల్ని చంపే బాక్టీరియా అది, ఒక డంక్ నెల దాకా పనిచేస్తుంది.

ట్రాప్ ఉంది కదా అని బయట కూర్చునేటప్పుడు డీట్, పికారిడిన్ లాంటి దోమల మందు ఒంటికి రాసుకోవడం మానొద్దు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకి వెళ్తే వాళ్ళకి మరీ ముఖ్యం. వెస్ట్ నైల్ పెద్ద వయసువాళ్ళకే ఎక్కువ ప్రమాదం.

సీజన్ అయ్యాక

నవంబరులో రాత్రులు 50 డిగ్రీల కిందికి దిగాక ఆపేయొచ్చు. ముందు గ్యాస్ దారి ఒకసారి శుభ్రం చేయండి, జిడ్డు లోపల ఎండిపోతే వసంతంలో రాదు. వాల్వ్ మూసి, హోస్ విప్పి, చివరికి మూత పెట్టండి. ఎర తీసేయండి, నెట్ కడిగి ఆరబెట్టండి, ఫ్యాన్ దగ్గర పేరుకున్న రెక్కలూ దుమ్మూ మెత్తటి బ్రష్‌తో దులపండి. బ్యాటరీ మోడల్ అయితే చార్జ్ చేసి పెట్టండి. యంత్రాన్ని గరాజ్‌లో పెట్టుకోవచ్చు, ట్యాంక్‌ని మాత్రం కాదు. అది బయటే, నిలబెట్టి, ఇంటి తలుపులకీ కిటికీలకీ దూరంగా ఉండాలి.

డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడు ‘పాతది ఊళ్ళో అమ్మావాళ్ళకి ఇచ్చేస్తే?’ అన్న ఆలోచన వస్తుంది. వద్దు. అక్కడి వంట సిలిండర్‌లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిపిన గ్యాస్. వాల్వ్, రెగ్యులేటర్, కరెంట్ వోల్టేజ్ అన్నీ వేరు. దొరికిన అడాప్టర్‌తో ఆ సిలిండర్‌నీ ట్రాప్‌నీ కలపడం చాలా ప్రమాదం, గృహావసరానికిచ్చే సిలిండర్‌ని వంటకి తప్ప వేరే పనికి వాడటం నిబంధనలకి కూడా విరుద్ధం. అక్కడికి కిటికీలకి జాలీలు, మంచానికి దోమతెర, నీళ్ళ డ్రమ్ములకి మూతలు చాలు. ఆ ఖర్చు ట్రాప్ విమానం ఎక్కించే ఖర్చు కంటే తక్కువే.